గుడ్డ కప్పిన టీవీ

నరసరావుపేటలో కాపురముంటున్న గుంజి లీలావతి అనే నేను, ఎలీషా గారి భార్యను, వయసు యాభై రెండు, ఇంటిపని తప్ప వేరే ఉద్యోగం లేనిదాన్ని, నా చేత్తో నేనే రాసి పెడుతున్న వీలునామా ఇది. సోమవారం గుంటూరులో నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్. షుగరు కాస్త ఎక్కువగా ఉన్నా తెలివి సరిగానే ఉంది. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు. రాయిస్తున్నది సిగ్గు ఒక్కటే. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయి జాస్మిన్‌ది.

1. నా మెడలోని గొలుసు, గాజులు, కుట్టుమిషను, మా పుట్టింటివారు క్రోసూరులో నాకు రాసిచ్చిన ఇంటి స్థలం జాస్మిన్‌కు సర్వహక్కులతో చెందుతాయి. మిషను బల్ల మీద ఫోను నిలబెట్టడానికి ఒక చెక్కముక్క బిగించి ఉంటుంది. ఎందుకో కింద తెలుస్తుంది. తీసేయనక్కర్లేదు.

2. వంటింటి సామాను, మూడో నిబంధనలో చెప్పింది తప్ప, నా భర్త ఎలీషా గారికి. హైస్కూల్లో లెక్కలు చెబుతూ, చర్చి సంఘంలో పెద్దగా ఉన్న ఆయనకు గ్యాసు సిలిండరు మార్చడం రాదు. జాస్మిన్ ఒకసారి చూపించాలి. నాలుగో నిబంధన చదివేటప్పుడు ఆయన కూర్చుని ఉండాలి.

3. రాజుపాలెంలోని మా ఆడపడుచు కరుణమ్మకు పెద్ద కుక్కరు. ఏ సినిమా అయినా వచ్చిన రోజే చూసేసి, నాకు ఫోను చేసి, "ఆఖర్న వాడు చస్తాడులే వదినా, నువ్వు చూడకపోయినా పర్లేదు" అని చెప్పే మనిషి ఆమె. ఆ కుక్కరుకు విజిల్ రాదు. లోపల ఏమైందో మూత తీసేదాకా తెలియదు. తెలిసే ఇస్తున్నాను.

4. మా హాల్లోని టీవీ నా తదనంతరం పక్క పోర్షనులో ఒంటరిగా ఉండే, నన్ను వదినా అని పిలిచే చిన్నారికి చెందాలి.

కారణం రాయాలి. సోమవారం పొదుపు సంఘం, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారి కుటుంబానికి మా ఇంట్లో భోజనం. ఈ వారంలోనే రెండు సీరియళ్లు, ఒక కొత్త సినిమా తప్పిపోకుండా చూడాలి. అందుకని పనికింత అని పంచుకున్నాను. కూర తరిగేటప్పుడు సీరియల్. ఇస్త్రీకి సినిమాలో సగం, కుట్టుపనికి మిగతా సగం. మిగిలిపోయినవన్నీ గురువారం వేగం పెంచి చూసేస్తాను. ఇంత పద్ధతిగా నేను ఏ వారమూ ప్రార్థన చేయలేదు.

మొన్న ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో, శుక్రవారం కూడికలో, ఎవరెవరు ఏం మానుకున్నారో లేచి చెప్పే వంతు వచ్చింది. ఒకామె కాఫీ అంది. ఒకామె వక్కపొడి అంది. నేను లేచి టీవీ అన్నాను. హాల్లో టీవీకి గుడ్డ కప్పిన మాట నిజం. వంటింట్లో ఫోనులో చూస్తున్న సంగతి చెప్పలేదు. అందరూ స్తోత్రం అన్నారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాతి కూడికల్లో కూడా పాస్టరమ్మ గారు నన్నే చూపించి మాట్లాడారు.

భర్త పోయినప్పటి నుంచి చిన్నారి ఇంట్లో వినపడే గొంతు టీవీదే. ఆ వారమే దాన్ని ఆటో నడిపే యోబుకు అమ్మేసింది. "వదినంతటిది మానుకుంటే నాకేంది, నేను మానలేనా" అని నా ముందే అంది. నేను ఆమె చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చి లోపలికి వచ్చేశాను. లోపల సీరియల్ సగంలో ఆపి ఉంచాను.

5. పై నిబంధన నిన్న రాసింది. ఈ రోజు కొట్టివేస్తున్నాను. చిన్నారి చేత సాక్షి సంతకం పెట్టించాలని అనుకుని, దస్తావేజులు రాసే పుల్లారావు గారికి కాగితం చూపించాను. "పుచ్చుకునే మనిషి సాక్షిగా ఉండగూడదమ్మా. అయినా ఆమెకు ఇచ్చేదేదో ఇప్పుడే ఇవ్వరాదూ, నువ్వు పోయిందాకా ఎందుకు" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుపడే పని కూడా నేను చచ్చిపోయిన తర్వాతకు వాయిదా వేసుకున్నాను.

నేనూ చిన్నారీ చెరోవైపు పట్టుకుని టీవీని ఆమె ఇంట్లో పెట్టాం. అది ఇక ఆమె సొత్తు. నా వారసులెవరికీ దాని మీద హక్కు లేదు.

నేను తిరిగొస్తే కూడికలో లేచి నిజం నేనే చెబుతాను. రాకపోతే నాలుగో నిబంధన, ఐదో నిబంధన ఎలీషా గారు అందరికీ వినపడేలా చదవాలి. కొట్టివేసినా అక్షరాలు కనపడతాయి. ఇంత బరువు ఆయన మీద ఎప్పుడూ పెట్టలేదు. క్షమించమని అడుగుతున్నాను.

6. టీవీ పెట్టాక ఫోను సంగతంతా చిన్నారికి చెప్పాను. ఆమె స్విచ్చి వెతుకుతూనే "తెలుసు వదినా" అంది. కాలింగ్ బెల్ మోగితే ఫోను దాచాలి గనుక నేను చెవుల్లో ఏమీ పెట్టుకోను. మా వంటింటికీ ఆమె గదికీ గోడ ఒకటే. "పీటేసుకుని గోడకానుకుని కూచునేదాన్ని. బొమ్మ లేకపోతే ఏంది, ఏడుపులు తెలుస్తయ్‌గా. గురువారమే చానా ఇబ్బంది. వాళ్లను ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతారు, ఒక్క ముక్క అందదు" అంది. అడగలేకపోయావా అంటే, "అడిగితే నువ్వు ఆపేస్తావు గదా" అంది.

కూడికలో అంతా చెప్పేస్తానన్నాను. "నీ సంగతి చెప్పుకో. గోడ సంగతి చెప్పమాక" అంది.

కాబట్టి ఈ ఆరో నిబంధనను కూడికలో చదవకూడదు. ఎలీషా గారు ఐదో నిబంధన దగ్గర ఆపి కాగితం మడిచేయాలి. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ల సీరియళ్ల కథ చిన్నారి చూసి ఉంచుతుంది. తిరిగొస్తే ఆమె ఎంత నిదానంగా చెబితే అంత నిదానంగా వింటాను.

ఇదంతా చదువుకుని, కొట్టివేసిన చోట పక్కన కూడా సంతకం చేసి, కింది ఇద్దరి ఎదుట ముగించాను.

నరసరావుపేట, 14 జూన్ 2025, శనివారం.

(సంతకం) గుంజి లీలావతి

సాక్షులు:
1. పుల్లారావు, దస్తావేజు లేఖరి
2. చిన్నారి, పక్క పోర్షను