అల్మరా వెనక పలక

ఫ్రెస్నో, గురువారం

ఒఫీలియా అక్కా,

పాపను ఇప్పుడు ముందు గదిలోకి రానిస్తున్నాను. కోప్పడకుండా చదువు.

"ఆ పుస్తకాల అల్మరా ఊగుతున్నంతకాలం నా నయేలిని మీ దగ్గర ఉంచను. ఆదివారం వచ్చి తీసుకుపోతా, పని పోతే పోనీ" అని నువ్వు ఫోన్ పెట్టేశాక మరలన్నీ మళ్ళీ బిగించాను. కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాను. అయినా గది తలుపు వేస్తే చాలు, గలగలలాడేది. చివరికి దాంతో వచ్చిన, ఎలా బిగించాలో చూపే బొమ్మల కాగితం మొదటినుంచి చూశాను. వెనకవైపు పలచని పలక ఒకటి కొట్టాలట. మనం కొట్టనేలేదు.

అమ్మని అడిగాను.

"అదా? ప్యాకింగ్ అట్ట అనుకున్నానే. బాల్కనీలో దాని మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఏం, కాలేజీకి వెళ్తున్నావుగా, అక్కడ నీకూ చెప్పలేదా?" అని నవ్వింది.

పలక తుడిచి, అల్మరాను బోర్లా పడుకోబెట్టి, మూలలు సరిచూసి మేకులు కొట్టాను. గోడకి చిల్లు పెడితే అద్దెకిచ్చిన ఇంటాయన ఊరుకోడని ఇన్నాళ్ళూ భయపడ్డాను. అడిగితే, "చంటిపిల్ల ఉంటే అడగాలా? బిగించుకో తల్లీ" అన్నాడు. అల్మరాను పట్టీతో గోడకి బిగించేశాను.

ఈ ఉదయం నయేలి అల్మరా అంచు పట్టుకుని లేచి నిలబడింది. నేను చేతులు చాచి పరుగెత్తాను. అల్మరా మాత్రం కదల్లేదు, చప్పుడు చేయలేదు. నీ కూతురు కింది అరలోని నా లెక్కల పుస్తకం లాగి, అట్ట నోట్లో పెట్టుకుంది.

ఆదివారం తప్పకుండా రా. నువ్వే ఊపి చూసుకో. తర్వాత పాపను ముద్దాడి, సోమవారం పనికి వెళ్ళు.

నీ చెల్లి