పట్టీ కోయొద్దు నాయనా

ఆదోని

నాయనా, మీ అల్లుడు క్షేమం. ముందు ఆ మాట చదివి, తక్కినది నిదానంగా చదువు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

మన కొత్త కరెంటు రంపం జారే అల్యూమినియం పట్టీ ఉంది కదా, ఎనిమిదడుగుల ప్లైవుడ్‌కు రెండు వైపులా కాస్త మిగలాలని తొమ్మిదడుగులది కొన్నాను. పోయినసారి వచ్చినప్పుడు ఆ కొలతకు వాస్తు లెక్కలో ఆయం కుదరలేదని, "వాకిలికి సూస్తాం, దీనికి సూడొద్దామ్మా?" అంటూ నువ్వు చివర జానెడు కోయించావు. నిన్న రంపం చెక్క దాటకముందే పట్టీ అయిపోయింది. రంపం ఒరిగి, ఎగిరి వెనక్కి వచ్చి, ఆయన లుంగీని తొడ దగ్గర చీల్చేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

"మామకు సెప్పొద్దు, కుమిలిపోతాడు" అన్నారాయన. చెప్పడం తప్పో, దాచడం తప్పో తేల్చుకోలేక రాస్తున్నాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఎమ్మిగనూరు నేత లుంగీ ఒకటి పంపించు, చీలినదాన్ని చూడలేకపోతున్నాను. అమ్మకు లుంగీ పంపమన్న మాట ఒక్కటే చదివి వినిపించు.

మంచి ఆయం పెట్టినందుకే కాలు దక్కిందని నువ్వంటావు. కావచ్చు, నాకు తెలియదు. కొత్త పట్టీ వస్తోంది. నువ్వూ రా, ఎన్ని వాకిళ్లకైనా ఆయం కట్టు. దీన్ని మాత్రం కోయొద్దు.

ఇద్దరికీ దండాలతో,
శోభ