నా గోడ మీద మనవరాలి పోస్టు

జూలై 3, మంగళవారం
ప్రిన్సిపాలు పిలిపించాడు. మీ మనవరాలి నిర్వాకం చూడు మేస్త్రీ అని ఫోను మొహాన పెట్టాడు. మూడో అంతస్తు క్లాసు గోడ, దాని మీద పగులు. కింద ఏదో రాసుంది. కళ్లజోడు తేలేదన్నాను. తనే చదివాడు. ఈ గోడ కిందే కూర్చోబెడుతున్నారు, అడిగితే నోరు మూసుకోమంటున్నారు అని పెట్టిందట.
ఆ గోడ కట్టింది నేను. నా గోడ పగలదు.
ఇంటికొచ్చి పిల్లని దులిపేశాను.

జూలై 4
ఏడవలేదు. ఎవర్నీ తిట్టలేదు తాతా, ఉన్నదే పెట్టాను, మనింట్లో కూర్చుని నా ఫోన్లో పెట్టినదానికి స్కూలు పెత్తనమేంటి అంది. ఈ మొండితనం ఎవరిదో అంది కోడలు, నన్నే చూస్తూ.
సోమవారం లోపల పోస్టు తీసేసి, అబద్ధమాడానని ప్రిన్సిపాలు ముందు సంతకం పెట్టాలి. లేదంటే టీసీ ఇచ్చి పంపేస్తాడట.

జూలై 5
బడికెళ్లి చూశాను, పగులు వెంట్రుకంత. పూడ్చి రంగేశాను. పైన అద్దం ముక్క సిమెంటుతో అతికించాను. గోడ కదిలితేనే అద్దం విరుగుతుంది. విరగని అద్దం చూపించి పిల్ల నోరు మూయించాలని.

జూలై 6
విరిగింది.

జూలై 8, ఆదివారం
ఎవడో కొట్టాడనుకున్నా. ఇంకోటి అతికించి, తాళమేసి, గుమ్మం బయటే కూర్చున్నా. పట్టపగలు. బడిలో నరపురుగు లేదు. మధ్యాహ్నం టిక్‌మంది. తీసి చూస్తే అద్దం రెండు ముక్కలు. పగులు వేలంత. వేలు పెడితే గాలి తగిలింది. బయటికి కాదు, లోపలికి పీలుస్తోంది.
చెవి పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. నిండు క్లాసులో పిల్లలు గుసగుసలాడుతున్నట్టుంది.
ప్రిన్సిపాలుకి ఫోన్ చేశాను. ఇంకో కోటింగు వెయ్యి, గోడ భేషుగ్గా ఉందని కట్టినవాడిగా నువ్వే సంతకం పెట్టు, పిల్లని వదిలేస్తా అన్నాడు.
పోస్టు షేర్ చేసిన పదకొండుమంది పిల్లలూ సంతకాలు పెట్టేశారట. అప్పట్నుంచి వాళ్లు ఇంట్లో కూడా నోరు విప్పట్లేదట. మనవరాలు చెప్పింది. రేపు నువ్వూ పెడతావా అన్నాను. గొంతు పట్టుకుని కూర్చుంది.

జూలై 9, పొద్దున్న 7
పిల్లని వెంటబెట్టుకెళ్లి గోడ మీది రంగంతా గీకేశాను. చెయ్యి మోచేతి దాకా గోడలోకి పోయింది. ఫోటో తియ్యవే, నా మొహం పడాలి, కట్టినవాడే చెబుతున్నాడని రాయి అన్నాను. పెట్టేసింది.
లోపల పిల్లల గుసగుస ఆగింది. వింటున్నారు.