ఎడమవైపు గోల్స్

జనవరి 9, 1955

ప్రియమైన అక్కా,

నిన్న మంచు మీది హాకీ ఆటలో ఏడు గోల్స్ వదిలేశాను. ఐదు ఎడమవైపు నుంచే వచ్చాయి. నువ్వు నేర్పినట్టే రబ్బరు బిళ్లను కాక, కొట్టేవాడి తుంటిని చూస్తున్నాను. ఎటు కొడతాడో ముందే తెలుస్తోంది. నేను అటు కదలగానే వాడు ఇటు కొడతాడు.

"నువ్వు రేపటి ఆట ఆడుతున్నావురా. వాళ్లు ఇవాళ్టిది ఆడుతున్నారు" అన్నాడు కోచ్. అందరూ నవ్వారు.

శనివారం కూడా ఇలాగే అయితే కొత్త గోల్‌కీపర్ని తెస్తాడట. ఇక నాకు నాన్న గోధుమ పొలమే గతి. పొద్దున టీ కప్పులో కాక బల్ల మీద పోశాను. "ఎవర్ని తలచుకుంటున్నావు?" అంది నేను అద్దెకుంటున్న ఇంటావిడ. నాకు నవ్వు రాలేదు. ఏం చెయ్యాలో రాయి.

నీ ఒరెస్ట్

జనవరి 12

ఒరెస్ట్‌కి,

ముందు తుంటి చూడు, ఆఖరున కర్ర కొస చూడు అని నేర్పాను. నువ్వు సగమే రాశావు. మన పశువుల గుంట గడ్డకట్టినప్పుడు గట్టిపడ్డ గుర్రపు లద్దె ఉండల్ని కర్రతో నీ మీదికి కొట్టేదాన్ని. నువ్వు చివరిదాకా కదిలేవాడివి కాదు. "భయమేసిందా?" అంటే, "నీ కర్ర ఇంకా తిరగలేదుగా" అనేవాడివి.

ఇప్పుడెందుకు ఆగలేకపోతున్నావు? నవంబరులో బిళ్ల తగిలి ఎడమ కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయని, పది నిమిషాల్లో మళ్లీ ఆడానని గొప్పగా రాశావు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. కుడికన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడు. శనివారం ఆడకు. రెండో కంటికి తగిలితే ఏం చేస్తావురా?

ఓల్హా

జనవరి 14

అక్కా,

నా కన్ను బాగానే ఉంది. జట్టుకు ఉన్నది ఒక్క గోల్‌కీపరు, నేను కూర్చుంటే ఆట లేదు. కుట్లు పడ్డాక మళ్లీ దిగనివాణ్ని ఇక్కడ ఎవరూ పిలవరు. ఆడతాను. నాన్నతో అనకు, నీ కాళ్లు పట్టుకుంటాను.

ఒరెస్ట్

జనవరి 17

ప్రియమైన అక్కా,

రెండు-ఒకటితో గెలిచాం. నన్ను భుజాలకెత్తుకున్నారు. "ఇవాళ ఇవాళ్టిదే ఆడావురా" అన్నాడు కోచ్.

ఆఖరి దెబ్బ ఎడమవైపు నుంచి వచ్చింది. నేను చూడలేదు. ఎటు కదలాలో తెలియక నిలబడిపోయాను. బిళ్ల రొమ్ముకు తగిలి కింద పడింది. జనం అరిచాకే ఆగిందని తెలిసింది. ముందే కనిపెట్టానని అందరూ మెచ్చుకున్నారు.

నిన్న పొద్దున సూది తీసుకుని కుడికన్ను మూశాను. దారం దాకా పోలేదు. సూదే కనబడలేదు.

కోచ్‌కి చెప్పాను. కర్రలు సర్దుతూనే, "ఇంకో శనివారం ఆగి చెప్పకపోయావా" అన్నాడు.

గురువారం బస్సుకు వస్తున్నాను. నాన్నకు నేనే చెబుతాను. బస్సు దగ్గర నా కుడివైపు నిలబడు.

నీ ఒరెస్ట్