ఎడమకు లాగిన కారు

నా ఇల్లాలికి ప్రేమతో,

ఇక్కడ మీ అమ్మగారు, నేను, షెడ్డు, అందరం బాగానే ఉన్నాం. నీ పూలకుండీల్లో ఒకటి నా జాకీ తగిలి పగిలింది, మిగతా మూడూ కులాసా. అంత ఎత్తున ఆ క్రేను కేబినులో కూర్చుని వంతెన దూలాలు ఎత్తుతున్న నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తున్నాను. గాలి ఎక్కువైతే మీ సూపర్‌వైజరు చెప్పేదాకా ఆగకు. నీకే తెలుస్తుంది కదా, దిగిపో.

నీ ఉత్తరం అంది పన్నెండు రోజులయింది. ఇన్నాళ్ళు జవాబు రాయకపోవడానికి పని ఒక్కటే కారణం కాదు. ఆ సంగతి తర్వాత. ముందు నువ్వడిగినవి చెప్పనీ.

మళ్ళీ తిరగబెట్టిన అత్తయ్య తుంటి నొప్పి ఎలా ఉందన్నావు. కర్ర పట్టుకుని వంటింట్లోంచి షెడ్డు గుమ్మం దాకా వస్తున్నారు. వ్యాయామం చేయించే ఆవిడ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళాలి. ఆ పోయిరావడమే కష్టం. అద్దె బండి గతుకులో పడినప్పుడల్లా తుంటి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంటారు, పైకి ఒక్క మాట అనరు. "ఆ బండి అబ్బాయికి నా మీద ఏదో పాత కక్ష ఉన్నట్టుంది అల్లుడూ" అని మాత్రం మొన్న ఒకసారి అన్నారు.

అందుకే కదా నువ్వు పాత కారుని బయటికి తీయమన్నది. తీశాను. నాలుగేళ్ళు టార్పాలిన్ కింద ఉన్న బండి. పక్కింటి పిల్లి వెనక సీటు మీద రెండు కాన్పులు చేసుకుని వెళ్ళింది. ఇంజను నాకు పెద్ద ఇబ్బంది పెట్టలేదు గానీ కింద సంగతి చూస్తే ఏడుపొచ్చింది. షాక్ అబ్జార్బర్లు నాలుగూ పోయాయి. ముందు చక్రాలని పట్టి ఉంచే ఆర్ముల రబ్బరు బుష్‌లు గోటితో గిల్లితే పొడి రాలింది. వెనక కమాను కట్టల్లో ఒక పక్క రెండో ఆకు విరిగి ఉంది. ఆ కారులో అత్తయ్యని కూర్చోబెట్టడం కన్నా భుజాన మోసుకెళ్ళడం నయం.

ఎత్తు పెంచొద్దని రాశావు. పెంచలేదు. ఆవిడ సీటు అంచున కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకోవాలే గానీ కారు ఎక్కాల్సిన పని ఉండకూడదు. కమాను కట్టలు కొత్తగా కట్టించాను, ఆకులు ఒరుసుకోకుండా మధ్యలో నైలాన్ ముక్కలు పెట్టించాను. షాకులు గ్యాసువి వేశాను. మునుపు బానెట్ మీద నొక్కి వదిలితే పడవలా ఊగేది. ఇప్పుడు ఒకసారి కిందికి వెళ్ళి, పైకి వచ్చి, బుద్ధిగా నిలబడుతోంది.

ముందు బ్రేకులకి ఇదే కారు తర్వాతి మోడల్లో వచ్చిన పెద్ద డిస్కులు వేయమన్న నీ సలహా విని స్పేర్ పార్టుల పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఈ వయసులో దానికి ఈ సోకులేంటయ్యా?" అన్నాడు. మా ఆవిడ చెప్పిందన్నాను. నవ్వు ఆపి, "ఆవిడ చెప్పిందా? అయితే ఆగు" అని వెనక గదిలోకి వెళ్ళి దుమ్ము దులుపుకుంటూ డిస్కులు, వాటిని పట్టి ఆపే కాలిపర్లు తెచ్చి ఇచ్చాడు. నా మాటకి లేని విలువ నీ మాటకి ఉంది ఈ ఊళ్ళో. పాత రిమ్ములు కాలిపర్‌కి తగిలాయి, ఆ మోడలు రిమ్ములే వెతికి వేశాను. వెనక మాత్రం డ్రమ్ములే ఉంచాను, షూలు, సిలిండర్లు మార్చాను. వెనక పట్టు మరీ ఎక్కువైతే తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే బిగుసుకుని కారు గిర్రున తిరుగుతుంది. నువ్వూ ఇదే అంటావని నాకు తెలుసు.

ఇక అసలు సంగతి రాయాలి. ఇక్కడిదాకా రాసి ఈ కాగితాన్ని రెండు రోజులు మడిచి పెట్టాను.

పాత కాలిపర్లు విప్పుతూ కుడి చక్రం దగ్గర కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు గంటలయింది, గుమ్మంలోంచి ఎండ సూటిగా చక్రం మీద పడుతోంది. బ్రేకు ఆయిలు వెళ్ళే రబ్బరు గొట్టం మీద పొడుగునా ఒక తెల్లగీత ఉంటుంది. గొట్టం మెలిపడకుండా బిగించామో లేదో చూసుకోవడానికే ఆ గీత. సరిగ్గా బిగిస్తే తిన్నగా ఉంటుంది. ఇక్కడ ఆ గీత గొట్టం చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరిగి ఉంది. గొట్టం విప్పి కంప్రెసరు గాలి పెట్టాను. అవతలి పక్కనుంచి గాలి రాలేదు. నిలువునా కోశాను. లోపలి పొర నలిగి, చిన్న నాలుకలా లేచి దారికి అడ్డంగా పడి ఉంది.

ఆ గొట్టం వేసింది నేను. నాలుగేళ్ళ కిందటి ప్రమాదానికి నెల ముందు. ఆ రోజు బయట తన బండి చూడమని టాక్సీ అతను తొందర పెడుతున్నాడు. గొట్టాన్ని ఒక పానాతో పట్టుకుని ఇంకో పానాతో బిగించాలి. నేను ఒక్కదానితోనే బిగించేశాను.

యంత్రాల సంగతి నీకు ఒకరు చెప్పనక్కర్లేదు. కుడి చక్రానికి ఆయిలు అందకపోతే ఎడమ చక్రం ఒక్కటే పట్టుకుంటుంది. కారు ఎడమకు లాగుతుంది. ప్రమాదం జరిగిన నీళ్ళ ట్యాంకు దిగుడులో ఎడమ పక్కన ఉన్నది గోదాము గోడ.

మీ తమ్ముడు మొదటి రోజు నుంచీ చెప్పింది ఇదే. "నేను స్పీడులో లేను, బ్రేకు మీద కాలు పెట్టగానే స్టీరింగు చేతుల్లోంచి గుంజుకుంది" అన్నాడు. ఎవరు నమ్మాం? తొమ్మిదేళ్ళు బడి వ్యాను నడిపి ఒక్క గీత పడనివ్వనివాడు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని గోడకి కొట్టాడంటే వాడి దూకుడే అనుకున్నాం. అందరూ నన్నే అడిగారు, బ్రేకులు బాగానే ఉన్నాయా అని. నేను నలిగిన బండిలో కూర్చుని పెడల్ తొక్కి చూసి, గట్టిగానే ఉందని తేల్చేశాను. గొట్టం లోపల మూసుకుపోతే పెడల్ ఇంకా గట్టిగానే తగులుతుందన్నది నాకు తెలియనిదా? ఎడమ పక్క విరిగిందంతా బాగుచేశాను. కుడి చక్రం విప్పలేదు. నా పని నేను అనుమానించలేదు.

ఇంతవరకే అయితే పొరపాటు అనొచ్చు. చెయ్యి తప్పని మెకానిక్కు ఎవడున్నాడు అని నువ్వే నన్ను ఓదార్చేదానివి. కానీ ఇంకొకటి ఉంది. అది మొన్న గొట్టం కోశాక తెలిసింది కాదు. నాలుగేళ్ళుగా నాకు తెలుసు.

ప్రమాదానికి వారం ముందు మీ తమ్ముడు షెడ్డుకి వచ్చాడు. "బావా, బ్రేకు కొడితే కారు కొంచెం ఎడమకు లాగుతోంది. ఒకసారి చూడవా?" అన్నాడు. నేను ఒక లారీ కింద పడుకుని ఉన్నాను. బయటికి తల కూడా పెట్టలేదు. "టైర్లలో గాలి సరిచూసుకోరా, సరిపోతుంది" అన్నాను. వాడి చెప్పులు కాసేపు అక్కడే కనిపించాయి, తర్వాత వెళ్ళిపోయాయి.

ఆసుపత్రి వరండాలో నువ్వు వాణ్ణి కడిగేస్తున్నప్పుడు వాడు నావైపు తిరిగాడు గుర్తుందా? "బావా, నీకు చెప్పాను కదా, ఎడమకు లాగుతోందని." నువ్వూ నావైపు చూశావు. నేను, "ఎప్పుడు చెప్పావురా?" అన్నాను.

అంతే. ఆ రెండు మాటలే. లోపల అత్తయ్య తుంటికి ఆపరేషను జరుగుతోంది, నీ ముఖం చూస్తే నాకు భయం వేసింది. నోరు దానంతటదే అనేసింది. తర్వాత సర్దుకుని చెబుదామనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే వాడు వ్యాను వదిలేశాడు, ప్రింటింగు ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పనికి కుదిరాడు, నువ్వు వాడితో మాట్లాడటం మానేశావు. నువ్వు ఇంట్లో లేనప్పుడు చూసుకుని అమ్మని పలకరించడానికి సైకిలు మీద వచ్చి వెళ్ళేవాడు. నేను వాడికి మంచినీళ్ళు ఇచ్చి మళ్ళీ పనిలో పడేవాణ్ణి.

గొట్టం సంగతి ముందు అత్తయ్యకి చెప్పాను. కుర్చీ పట్టుకుని కాలు లేపి దించుతున్న ఆవిడ ఆగిపోయారు. వారం ముందు వాడు వచ్చి వెళ్ళిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ నన్నేమీ తిట్టలేదు.

"వాడు మెల్లిగానే నడిపాడని నేను ఆసుపత్రి మంచం మీదనే చెప్పాను. కొడుకుని వెనకేసుకొస్తున్నాననుకున్నారు మీరిద్దరూ" అన్నారు. లేపిన కాలు దించి, "వాడికి చెప్పావా?" అన్నారు.

"లేదత్తయ్యా."

"మరి నా ముందు నిలబడ్డావేం? పో."

భోజనాల వేళకి ప్రెస్సుకి వెళ్ళాను. మీ తమ్ముడు కాగితాల కట్టల మీద కూర్చుని టిఫిను డబ్బా మూత పెడుతున్నాడు. గొట్టం చేతిలో పెట్టాను. చేసింది, అన్నది, అంతా చెప్పాను. లోపల కత్తిరించే మిషను చప్పుడుకి కొన్ని మాటలు రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది. ఒకసారి చెప్పడమే కష్టమైన మాటలు. వాడు గొట్టం లోపలి పొరని బొటనవేలితో తడిమాడు.

"బావా, ఒక్కటి చెప్పు. ఆ రోజు నేను నిజంగా షెడ్డుకొచ్చి చెప్పానా?"

"చెప్పావు."

"నువ్వు లారీ కింద ఉన్నావు?"

"అవును. లారీ కిందే."

వాడు తల ఊపాడు. "నువ్వు 'ఎప్పుడు చెప్పావురా' అన్నాక నాకే అనుమానం పట్టుకుంది. చెబుదామనుకుని మర్చిపోయానేమో, ఆ గోడకి కొట్టాక చెప్పినట్టు ఊహించుకుంటున్నానేమో అని. వ్యాను అందుకే వదిలేశా. నా తల మీద నాకే నమ్మకం లేనప్పుడు పిల్లల్ని ఎలా ఎక్కించుకుంటాను?"

నన్ను క్షమించరా అన్నాను.

"ఇప్పుడు కాదు బావా" అన్నాడు. బెల్లు మోగింది. గొట్టం జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆదివారం వచ్చాడు. అమ్మ దగ్గర కాసేపు కూర్చుని షెడ్డులోకి వచ్చాడు. నేను బ్రేకుల్లోంచి గాలి తీయడానికి సిద్ధం చేసుకుంటున్నాను. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేయాలి, ఒంటరిగా అయ్యే పని కాదు. "ఎవరు తొక్కుతారు?" అన్నాడు. పక్క కొట్టు టైలరుని పిలుద్దామనుకుంటున్నానన్నాను. "ఆయన మిషను తొక్కినట్టు తొక్కుతాడు" అని తలుపు తీసుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నాలుగేళ్ళ తర్వాత. గంటసేపు మా మధ్య మూడే మాటలు. తొక్కు. పట్టుకో. వదులు.

నాలుగు చక్రాలూ అయ్యాక దిగి, టార్చి తీసుకుని ముందు చక్రాల దగ్గర వంగి కూర్చుని రెండు గొట్టాలూ పైనుంచి కింది దాకా చూశాడు.

"రెండు పానాలతో బిగించావా?"

"రెండింటితోనే."

ఇరవై ఆరేళ్ళ నా పనిని ఎవరైనా అలా తనిఖీ చేస్తే ఊరుకునేవాణ్ణి కాదు. ఆ రోజు పక్కన నిలబడి, వాడు సరే అనేదాకా ఎదురు చూశాను.

కారుని అదే దిగుడుకి తీసుకెళ్ళాం. నేనే నడిపాను. మూడుసార్లు గట్టిగా తొక్కాను. మూడుసార్లూ గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మూడోసారి వాడు కారాపమని గోదాము గోడ దగ్గర దిగాడు. గోడ పగిలినచోట పూసిన సిమెంటు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "నువ్వు వెళ్ళు బావా, నేను నడిచి వస్తా" అన్నాడు. ఇంటికి రెండు కిలోమీటర్లు. అత్తయ్య గుమ్మంలోనే కూర్చున్నారు వాడొచ్చేదాకా.

మంగళవారం సెలవు పెట్టి వచ్చి అత్తయ్యతో పాటు వెనక సీట్లో కూర్చున్నాడు. నడపమన్నాను, వద్దన్నాడు. బలవంతం చేయలేదు. బడి దగ్గర రోడ్డుకి అడ్డంగా ఉన్న ఎత్తు రాగానే అత్తయ్య అలవాటుగా కళ్ళు మూసుకుని తుంటి పట్టుకున్నారు. కాస్త దూరం పోయాక కళ్ళు తెరిచి, "వస్తోందా ఇంకా?" అన్నారు. ఎప్పుడో దాటేశామమ్మా అని మీ తమ్ముడు నవ్వాడు. వాడు నవ్వగా విని ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు.

కారు సిద్ధమయ్యాక వాణ్ణి దాని దగ్గరికి రానివ్వొద్దని పోయిన ఉత్తరంలో రాశావు. ఆ మాట నేను వినలేను. వాడు నన్ను కోరింది ఒక్కటే. "అక్కకి నువ్వే రాయి. నేను చెబితే మళ్ళీ సాకులంటుంది." అందుకే ఇదంతా. ఫోనులో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. నువ్వు గాలికి వినబడట్లేదన్నావు. నేను బతికిపోయాననుకున్నాను. అది కూడా నీకు చెప్పాలి.

వాడి మీద నాలుగేళ్ళు పడ్డ కోపం నా మీద పడాల్సింది. నువ్వు ఏమన్నా పడతాను. వచ్చే నెల వచ్చాక నా ముఖం చూడబుద్ధి కాకపోతే షెడ్డులోనే పడుకుంటాను. నాకు జవాబు ఎంత ఆలస్యమైనా అడగను, అసలు రాయకపోయినా అడగను. కానీ వాడికి రాయి. ఈ ఉత్తరం చదవడం అవగానే, మళ్ళీ క్రేను ఎక్కకముందే రాయి. వాడు గది మారి రెండేళ్ళయింది, నీ దగ్గర చిరునామా ఉండదు. ఈ కాగితం వెనక వైపున రాశాను.

ఇట్లు,
వాడికి చెందాల్సిన నీ మంచితనం ఇన్నాళ్ళూ దొంగిలించి తిన్న
నీ ఇంటాయన