జిగ్‌జాగ్ అంచు

బాబాయ్,

కుట్టు ఫ్యాక్టరీ సమ్మె మీద నాన్న తీసిన ఫిల్మును కత్తిరించింది మీరే. ఇన్నాళ్ళూ నువ్వు అన్న నోటితోనే మీరు అంటున్నాను, గౌరవం అనుకోకండి.

పాత సామాన్ల కొట్లో ఆ ప్రొజెక్టర్ కొన్నప్పుడు మీరూ పక్కనే ఉన్నారు. తెగిన బెల్టు తీసేసి మీ కుట్టుమిషన్ బెల్టు వేసింది మీరే. గోడ మీద వెలుగు పడగానే ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. నాన్న రీలు ముందుగా మీరొక్కరే వేసి చూస్తానన్నారు. మర్నాడు, "బల్బు వేడికి మధ్యలో కాస్త కాలిందిరా, అతికించేశా" అన్నారు. నమ్మాను.

కాలిన ఫిల్ము ముడుచుకుపోయి బుడగలు కడుతుంది. అతుకు విప్పి చూస్తే అంచు పళ్ళు పళ్ళుగా ఉంది. గుడ్డ పోగులు ఊడకుండా కోసే జిగ్‌జాగ్ కత్తెర మన వీధిలో మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరుంది?

అమ్మను అడిగాను. మిషన్ తొక్కడం ఆపకుండానే, "సమ్మె రోజు మీ బాబాయి వెనక గేటు నుంచి వెళ్ళి కుట్టాడు. మీ నాన్న అదీ తీశారు. నీ ముందు పరువు పోతుందనుకున్నాడేమో, వదిలెయ్" అంది.

వదలను. నా చేతిలో మొదటి కరపత్రం పెట్టింది మీరు. గేటు ముందు అందరికంటే ముందు కూర్చున్నానని చెప్పిందీ మీరే. భయపడ్డానని ఒక్క మాట అనుంటే అర్థం చేసుకునేవాణ్ణి.

ఆ ముక్క పారేసి ఉండరు. గుడ్డపీలిక కూడా దాచుకునే మనిషి మీరు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆనాటి కార్మికులంతా ఈ ఫిల్ము చూడటానికి సంఘం గదికి వస్తున్నారు. ముక్క పట్టుకుని మీరూ రండి. అతికించడం నా పని. దీపం ఆర్పేముందు వాళ్ళకు చెప్పడం మీ పని.

మీ అన్న కొడుకు