కాంటెస్సా మళ్ళీ వస్తుందట

గుణదల, విజయవాడ
12 ఆగస్టు 2025

ప్రియమైన తాతయ్యకు,

మీ స్టెల్లా నమస్కారాలు. ఇక్కడ నాన్న, అమ్మ, నేను బాగున్నాం. మంగళగిరిలో మీరూ, చిన్నత్తా, మీ మోకాళ్ళూ బాగుండాలని మరియమాత కొండవైపు తిరిగి అడుగుతున్నాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకా అనుకుంటారు. మీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే వీధంతా వింటుంది. కొన్ని సంగతులు నేను అలా చెప్పలేను.

పేటలో పెళ్ళికూతుళ్ళందరినీ కొండమీద చర్చికి చేర్చిన మన తెల్ల కాంటెస్సా కారును షెడ్డులోంచి శనివారం పాత ఇనుము వాళ్ళు తీసుకెళ్తారని నాన్న చెప్పారు. మీరే సరేనన్నారట. అది విన్నప్పటి నుంచి ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీ దాటడం లేదు. పోయినేడు బుడమేరు వరదలో సీట్ల దాకా నీళ్ళు నిలిచాయి, నిజమే. ఆ తర్వాత బండి కదల్లేదు, అదీ నిజమే. ఇంకా అందులో ఎక్కడానికి పెళ్ళికూతురు ఎవరు మిగిలారని మీరు నాన్నను అడిగారట. మిగిలింది నేనే. వచ్చిన ప్రతి సంబంధానికీ తల అడ్డంగా ఊపిందీ నేనే.

అయినా ఒక వార్త ఉంది, వినండి. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కాంటెస్సా పేరు మళ్ళీ వస్తుందట. కొత్తగా రాబోయే ఏదో ఖరీదైన కారుకు ఆ పేరే పెట్టొచ్చని ఫోన్లలో రాస్తున్నారు. ఖాయమేమీ కాదు, ఊహాగానమే. నాకు చూపించింది సొలొమోను గారు. ఆటోనగర్‌లో పాత బండ్ల విడిభాగాలు అమ్ముతారు. మన బండి పనికొస్తుందేమో చూడమని జూన్‌లో నాన్నే పిలిపించారు.

భోజనాల దగ్గర ఈ వార్త చదివి వినిపించాను. పేరుతోనే పని జరిగితే తన స్కూటర్‌కు ఈ రోజే విమానం అని పెడతానన్నారు నాన్న. కొత్తది బ్యాటరీతో నడుస్తుంది కాబోలు, చప్పుడు లేకుండా వచ్చి నిలబడితే పెళ్ళికూతురు వచ్చిందని చర్చిలో ఎవరికి తెలుస్తుందని అమ్మ బెంగ.

ఆ వార్త చూపించినప్పుడు సొలొమోను గారు మాత్రం నవ్వలేదు. పాత కారును ఎవరూ మరచిపోలేదు కాబట్టే ఆ పేరుకు ఇంత గిరాకీ అన్నారు. ఇంజన్ మొత్తం విప్పి బాగుచేయవచ్చట. తొందరపెట్టకపోతే క్రిస్మస్‌కు తయారవుతుందట.

చిన్నత్త పెళ్ళినాడు కొండ మలుపులో ఇంజన్ ఆగిపోతే, మగపెళ్ళివారు కోట్లు విప్పి తోశారని మీరే ఎన్నోసార్లు చెప్పారు. అత్త కాపురం చక్కగా సాగేసరికి, ఆ తోయడమే కలిసొచ్చిందని అందరూ అనుకున్నారు. ఇక అప్పటి నుంచి మన పేటలో ఏ పెళ్ళి జరిగినా ఆ మలుపులో మీరు కావాలని ఇంజన్ ఆపేసేవారు. తోయనివాళ్ళకు విందులో రెండో వడ్డన లేదని బెదిరించేవారు. చిన్నప్పుడు నేను మీ పక్క సీట్లో కూర్చుని, అద్దానికి కట్టిన మల్లెదండల సందుల్లోంచి చూసేదాన్ని. కొత్త కారు ఎంత గొప్పదైనా దాన్ని ఎవరూ అలా తోయనివ్వరు, తాతయ్యా.

అందుకే అడుగుతున్నాను. ఈ ఉత్తరం అందగానే నాన్నకు ఫోన్ చేసి వద్దనండి. నేను చెబితే నవ్వేస్తారు. మీ మాట కాదనరు. ఎలాగూ తాళాలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి కదా.

చిన్నత్తను అడిగినట్టు చెప్పండి. బాగానే ఉంది కదా అని మందులు మానేయకండి.

మీ మనవరాలు,
స్టెల్లా

తా.క.: నిజం చెప్పాలంటే కొత్త కాంటెస్సా వచ్చినా రాకపోయినా నాకు ఒకటే. మొన్న ఆదివారం షెడ్డులో, ఎత్తి ఉన్న బానెట్ చాటున, సొలొమోను గారు నన్ను పెళ్ళి మాట అడిగారు. నేను తల ఊపలేదు. నోరు తెరిచి "సరే" అన్నాను. వాళ్ళు మనలా కథోలికులు కారు, వాళ్ళది లూథరన్ సంఘం. నాన్నకు ఇంకా తెలియదు, మీరే చెప్పాలి. క్రిస్మస్ వెళ్ళాక మా పెళ్ళికి బండి కూడా మీరే నడపాలి. అప్పటికి ఇంజన్ మొండికేసినా మన ఇంటి నుంచి కొండ దాకా తమవాళ్ళే తోసుకొస్తారని ఆయన మాటిచ్చారు. లూథరన్లకూ రెండో వడ్డన ఉంటుంది కదా, తాతయ్యా?